తిరుపతిలో 90 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం నుంచి నాలుగడుగుల ట్యాంకుకు మారడం: మేడమీద పెట్టవచ్చా, ఏ క్రమంలో మార్చాలి?

ప్రశ్న: బైరాగిపట్టెడ వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండున్నర అడుగుల పొడవున్న, సుమారు 90 లీటర్లు పట్టే ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో ఒక జత క్లౌన్ చేపలు, ఒక నీలి డామ్సెల్ చేప, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని హెర్మిట్ పీతలు ఉన్నాయి. అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి గానీ, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమయ్యేసరికి నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిపోతోంది. ఒక రోజు ఊరికి వెళ్లి వస్తే చాలు, నీరు ఆవిరై ఉప్పు పెరిగిపోతోంది. అందువల్ల నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుతో, కింద సంప్ (ఫిల్టరు, పంపు ఉండే అడుగు తొట్టె) కూడా ఉండేలా కొత్త ట్యాంకు చేయించాలని అనుకుంటున్నాను.

మాది మొదటి అంతస్తు, కింద వాళ్లు అద్దెకు ఉంటున్నారు. స్లాబు ఆ బరువును మోస్తుందా అన్నది నా మొదటి సందేహం. పాత ట్యాంకులోని రాళ్లు, ఇసుక, నీరు, చేపలు అన్నింటినీ ఒకే రోజున కొత్తదానిలోకి మార్చవచ్చా, లేక కొత్త ట్యాంకును విడిగా సిద్ధం చేసుకోవాలా అన్నది రెండోది. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పనిసరా, ఫ్యాన్లతో సరిపెట్టుకోవచ్చా అని కూడా అడగాలనుకుంటున్నాను. ఈ ఊరి ఎండ తెలిసినవారు చెబితే ఎక్కువ మేలు.

సమాధానం 1: ఉప్పునీటి మిత్రుడు, తిరుపతి

మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే చేపల ప్రాణాలు దానిమీదే ఆధారపడి ఉంటాయి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా నీటిలో చాలా తక్కువగా ఉంటుంది. అది ముఖ్యంగా రాళ్ల మీద, ఇసుక రేణువుల మీద, ఫిల్టర్ స్పాంజిలో పొరలా అంటుకుని బతుకుతుంది. కాబట్టి పాత నీటిని బిందెలతో మోసుకెళ్లి కొత్త ట్యాంకులో పోసినంత మాత్రాన ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. రాళ్లను మాత్రం ఆరిపోనివ్వకుండా, ఉప్పునీటిలో ఉంచే తరలించాలి. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.3 వరకు ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు భాగం కూడా పెరుగుతుంది కనుక, మంచినీటి ట్యాంకులో చేపలు తట్టుకోగల మోతాదు ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

చోటు ఉన్నట్లయితే పాత ట్యాంకును కదిలించకుండా నడుపుతూనే కొత్తదాన్ని వేరే గోడ దగ్గర ఏర్పాటు చేసుకోండి. అందులో కొత్త అరగొనైట్ ఇసుక (సున్నపు ఖనిజపు ఇసుక), పొడి రాళ్లు వేసి, పాత ట్యాంకు నుంచి ఒకటి రెండు రాళ్లు చేర్చి, అమ్మోనియం క్లోరైడు చుక్కలతో బ్యాక్టీరియాకు ఆహారం అందించండి. మీరు వేసిన అమ్మోనియా ఒక్క రోజులో పూర్తిగా మాయమై, నైట్రైటు కూడా సున్నా చూపించిన తరువాతే చేపల సంగతి ఆలోచించాలి. దానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత రాళ్లు పడితే కొంత ముందే కావచ్చు.

ఇక పెద్ద ట్యాంకులో అంతా దానంతటదే నిలకడగా ఉంటుందన్న మాట సగమే నిజం. మీ పాత ట్యాంకు నీటి ఉపరితలంతో పోలిస్తే కొత్తదాని ఉపరితలం మూడు రెట్లకు మించి ఉంటుంది. ఆవిరి కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది, సంప్‌లో పోయేది అదనం. పాతదానిలో రోజుకు రెండు లీటర్లు తగ్గితే లవణీయత (నీటిలో ఉప్పు పాలు) వెయ్యికి 35 నుంచి 35.8కి చేరుతుంది. కొత్తదానిలో, సంప్‌తో కలిపి 450 లీటర్లు అనుకున్నా, ఆరేడు లీటర్లు ఆవిరైతే అది దాదాపు 35.5 అవుతుంది. మెరుగే, కానీ ఊరికి వెళ్లి నిశ్చింతగా ఉండేంత మెరుగు కాదు. ఫ్లోట్ స్విచ్‌తో పనిచేసే ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీటిని దానంతటదే నింపే ఏర్పాటు) పెట్టించండి. తగ్గిన నీటికి బదులుగా ఎప్పుడూ ఉప్పు లేని శుద్ధ జలమే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పంతా ట్యాంకులోనే మిగిలిపోతుంది.

ఆ శుద్ధ జలం విషయంలో ఒక హెచ్చరిక. వంటింట్లోని ఆర్‌వో యంత్రాలు చాలావరకు రుచి కోసం కొంత కుళాయి నీటినో, ఖనిజాలనో తిరిగి కలుపుతాయి. అక్వేరియానికి ఆర్‌వో తరువాత డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన ఖనిజాలను పట్టేసే వడపోత) కూడా ఉండాలి, టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన పదార్థాలను కొలిచేది) సున్నా చూపాలి. కల్యాణి డ్యామ్ నీరు వచ్చే వీధికీ, బోరు మీద బతికే అపార్టుమెంటుకూ రెజిన్ ఖర్చులో చాలా తేడా ఉంటుంది. బోరు నీరైతే అది త్వరగా అయిపోతుంది.

చిల్లర్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: చేపలు మాత్రమే పెంచేవారికి ముందుగా ఫ్యాన్లు, అవి చాలకపోతే చిల్లర్. మన ఎండాకాలపు గాలి చాలా రోజులు పొడిగా ఉంటుంది కనుక ఫ్యాన్లు బాగా పనిచేస్తాయి. ఒక లీటరు నీరు ఆవిరైతే 450 లీటర్ల నుంచి ఒక డిగ్రీకి పైగా వేడిని తీసుకుపోతుంది. అయితే బయట 42 డిగ్రీలు ఉండి, గదికి పడమటి గోడ ఉంటే ఫ్యాన్లు ఓడిపోతాయి. అప్పుడు చిల్లర్ కొన్నా, దాని వేడి గాలిని అదే గదిలోకి వదిలితే గది పొయ్యిలా మారి చిల్లర్ తనతో తానే పోట్లాడుతుంది. వేడి బయటకు పోయే దారి చూసుకున్నాకే కొనండి.

సమాధానం 2: చిత్తూరు సివిల్

బైరాగిపట్టెడ వాసి గారూ, బరువు లెక్క నేను చెబుతాను. ట్యాంకులో సుమారు 400 లీటర్ల ఉప్పునీరు అంటే 410 కిలోలు. 12 మిల్లీమీటర్ల గాజుతో చేసిన తొట్టె 85 కిలోలకు పైమాటే. రాళ్లు, ఇసుక, సంప్, దానిలోని నీరు, స్టాండు కలిపితే మొత్తం 700 నుంచి 750 కిలోలకు చేరుతుంది. అదంతా నిలబడేది ముప్పావు చదరపు మీటరు లోపు చోటులో.

నివాస గృహాల గదులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల చొప్పున అదనపు భారాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అంటే గది మొత్తానికి చూస్తే మీ ట్యాంకు బరువు పెద్ద విషయం కాదు. ఆ బరువు ఒకేచోట, రాత్రింబవళ్లు, ఏళ్ల తరబడి ఉండిపోవడమే విషయం. గది మధ్యలో గానీ, రెండు గదులను విడదీసే పలుచని నాలుగున్నర అంగుళాల గోడ పక్కన, కింద ఏ ఆధారమూ లేనిచోట గానీ పెట్టకండి. కింది ఇంట్లోకి వెళ్లి చూసి, దూలం ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, ఆ దూలం మీదుగా, వీలైతే పిల్లరు దగ్గరగా ట్యాంకును పెట్టండి. వీధివైపు ముందుకు పొడుచుకు వచ్చిన భాగం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. స్టాండుకు నాలుగు సన్నటి కాళ్లు కాకుండా, బరువును నేలమీద పరిచే చట్రం ఉండాలి. ఇల్లు పాత మిద్దె అయినా, స్లాబులో ఇప్పటికే పగుళ్లో చెమ్మో కనిపిస్తున్నా, ఇక్కడ నా మాట విని ఊరుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

సమాధానం 3: సూళ్లూరుపేట రాజు

ఇంత ఖర్చు దేనికండీ? 2022లో జిల్లాలు మారాక మన జిల్లాకు సముద్రమే వచ్చింది కదా. తూపిలిపాళెం తీరం నుంచి ట్రాలీలో డ్రమ్ములు పెట్టి సముద్రపు నీరే తెచ్చుకుంటే ఉప్పు కొనే పని తప్పుతుంది.

సమాధానం 4: ఉప్పునీటి మిత్రుడు

రాజు గారూ, ఆలోచన బాగానే ఉంది, తెచ్చుకునేవారూ ఉన్నారు. కానీ ఒడ్డు దగ్గరి నీటిలో బురద, పరాన్నజీవులు, రొయ్యల చెరువుల నుంచి వచ్చే వ్యర్థాలు కలిసే ప్రమాదం ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో వాగులూ కాలువలూ కలిసే చోట ఉప్పు శాతం బాగా పడిపోతుంది. మీ పక్కనే ఉన్న పులికాట్ నీరైతే ఋతువును బట్టి మారిపోయే నీరు, దాన్ని అసలు వాడకూడదు. పొట్లపు ఉప్పు బ్రాండును బట్టి లీటరుకు 36 నుంచి 40 గ్రాములు పడుతుంది, మొత్తం ట్యాంకుకు 16 నుంచి 18 కిలోలు. ఖర్చే, కాదనను, అయినా ప్రతిసారీ ఒకే రకం నీరు వస్తుంది.

మళ్లీ ప్రశ్న: బైరాగిపట్టెడ వాసి

అందరికీ కృతజ్ఞతలు. కింది ఇంట్లోకి వెళ్లి చూశాను, హాలు ఉత్తరపు గోడ కిందుగా దూలం ఉంది, దాని చివర పిల్లరు కూడా ఉంది. ట్యాంకు అక్కడే పెడతాను. చోటు పెరుగుతోంది కనుక ఒక బ్లూ టాంగ్ చేప, కొంత పగడం కూడా పెట్టాలని మా అమ్మాయి కోరిక. పాత ఇసుకను ఏం చేయమంటారో కూడా చెప్పండి.

సమాధానం 5: కొర్లగుంట శారద

అన్నా, పగడాల విషయంలో అమ్మాయికి నెమ్మదిగా నచ్చజెప్పండి. మన దేశంలో రాతి పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. మన సముద్రంలో విరిచి తెచ్చిన పగడాన్నో, పగడం అంటుకున్న రాయినో దుకాణంవాడు చాటుగా అమ్మినా, కొన్నవారూ చిక్కుల్లో పడతారు. పొడి రాళ్లతో చేపల ట్యాంకుగానే అందంగా తీర్చిదిద్దుకోవచ్చు.

బ్లూ టాంగ్ చిన్నప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, ఎదిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. నాలుగడుగులు దానికి చాలవు, ఆరడుగులైతే ఆలోచించవచ్చు. తెల్ల మచ్చల వ్యాధి కూడా దానికి తొందరగా అంటుతుంది. దానికి బదులుగా హ్యాచరీలో పుట్టిన చేపలను అడగండి; క్లౌన్ చేపలను హ్యాచరీలో పెంచే పద్ధతులను తమిళనాడులోని మండపం ఊళ్లో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో రూపొందించారు. చెన్నై కొళత్తూరు నుంచి తెస్తే ఇంటికి చేరేసరికి కొన్ని గంటలవుతుంది. అన్ని గంటలు మూసి ఉన్న సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది, కార్బన్ డయాక్సైడు వల్ల పీహెచ్ తగ్గి అది అణగి ఉంటుంది. సంచి విప్పగానే పీహెచ్ లేచి, ఆ అమ్మోనియా విషమవుతుంది. అందుచేత మూతి విప్పకుండా ఉష్ణోగ్రత సమానమయ్యేదాకా తేలనిచ్చి, విప్పాక గంటల తరబడి చుక్క చుక్కగా అలవాటు చేయకుండా త్వరగా మార్చండి.

సమాధానం 6: ఉప్పునీటి మిత్రుడు

శారద గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. పాత ఇసుకను పారేయడమే నా సలహా. అడుగు పొరల్లో కుళ్లిన వ్యర్థాలూ, ఒక్కోసారి కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడూ ఉంటాయి. కదిపితే ఒక్కసారిగా నీటిలోకి వస్తాయి. మరీ ఉంచుకోవాలనిపిస్తే పైపొర నుంచి ఒక గిన్నెడు మాత్రం తీసుకోండి.

మార్చే రోజుకు ముందురోజే ఉప్పునీటిని కలిపి, పంపు పెట్టి రాత్రంతా తిరగనివ్వండి. రిఫ్రాక్టోమీటరుతో రెండు ట్యాంకుల లవణీయతనూ, థర్మామీటరుతో ఉష్ణోగ్రతనూ సరిచూడండి. మొదట రాళ్లు, తరువాత రొయ్య, పీతలు, ఆఖరున చేపలు. డామ్సెల్‌ను అన్నింటికంటే చివరన వదలండి, లేకపోతే కొత్త ట్యాంకంతా తన సొంత ఆస్తిలా పట్టుకుని మిగతావాటిని తరుముతుంది. అదే రోజు ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి చూడండి: కరెంటు పోయినప్పుడు పై ట్యాంకు నుంచి పైపుల ద్వారా దిగివచ్చే నీటికి సంప్‌లో చోటు చాలకపోతే, ముందుగా తెలిసేది మీ కింద అద్దెకున్న వాళ్లకే. ఇన్వర్టరుకు చిల్లరును కలపకండి, నీటిని తిప్పే ఒక చిన్న పంపు చాలు; వేడెక్కిన ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువ కనుక ఆ పంపే చేపలను కాపాడుతుంది.

పాత ట్యాంకును అమ్మేయకండి. కొత్తగా కొనే ప్రతి చేపనూ నాలుగు వారాలైనా అందులో విడిగా ఉంచి చూసుకోవచ్చు. తెల్ల మచ్చలు కనిపిస్తే రాగి మందు అక్కడే వాడవచ్చు. అదే మందును పెద్ద ట్యాంకులో వేస్తే మీ రొయ్యా పీతలూ బతకవు.