శిలాజాల వయసు రాళ్లతో, రాళ్ల వయసు శిలాజాలతో: ఈ లెక్కను నమ్మవచ్చా?

సంశయాత్మ:
పొరలో దొరికిన శిలాజాన్ని బట్టి రాతి వయసును, ఆ రాతిని బట్టి శిలాజం వయసును చెబుతున్నారు. తర్కశాస్త్రంలో దీనిని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. రేడియోధార్మిక పద్ధతులు ఉన్నాయి కదా అనవచ్చు. కానీ హవాయిలోని హువలలాయి అగ్నిపర్వతం 1800-1801లో వెదజల్లిన లావాలోని రాతి ముక్కలకు పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో (రాతిలోని పొటాషియం కాలక్రమంలో ఎంత ఆర్గాన్ వాయువుగా మారిందో చూసి వయసు కట్టే పద్ధతి) కోట్ల ఏళ్ల వయసు వచ్చింది. నిన్నమొన్నటి లావా దగ్గరే తడబడిన పద్ధతిని, ఎవరూ చూడని కాలం విషయంలో ఎందుకు నమ్మాలి?

రాతిపొర:
సంశయాత్మ గారూ, మీరు వేసినవి రెండు వేర్వేరు అభియోగాలు. ఏ శిలాజం కింది పొరల్లో, ఏది పై పొరల్లో వస్తుందో ఇంగ్లండ్ కాలువల తవ్వకాల్లో గమనించిన విలియం స్మిత్ 1815లో తన భూవిజ్ఞాన పటాన్ని ప్రచురించేనాటికి రేడియోధార్మికత సంగతి ఎవరికీ తెలియదు. అది 1896లో బయటపడింది. శిలాజాల క్రమం ముందువెనుకలను చెప్పిందే గాని ఏళ్లను చెప్పలేదు. ఏళ్ల లెక్క తరువాత వచ్చింది, అదీ ఎముక నుంచి కాదు, ఎముక ఉన్న పొరకు పైనా కిందా పరుచుకున్న అగ్నిపర్వత బూడిదలోని స్ఫటికాల నుంచి. ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు సాక్ష్యాలు కలిసినప్పుడు అన్యోన్యాశ్రయం ఎక్కడిది?

ఇక హువలలాయిలో అంత వయసు చూపినది లావా కాదు, లావా భూగర్భం నుంచి మోసుకొచ్చిన, పూర్తిగా కరగని పాత రాళ్లు. వాటిలో చిక్కుకున్న ఆర్గాన్ బయటికి పోలేదు. అదే కుటుంబానికి చెందిన ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతిని క్రీ.శ. 79 నాటి వెసూవియస్ విస్ఫోటనపు స్ఫటికాలపై 1997లో ప్రయోగిస్తే, 94 ఏళ్లు అటూఇటూగా 1,925 ఏళ్లని వచ్చింది. అసలు లెక్క 1,918.

నిదానం:
క్షయరేటు, అంటే రేడియోధార్మిక పరమాణువులు తరిగే వేగం, ఎప్పుడూ ఒకేలా ఉందనడానికి ఆధారం ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను. 1987లో కనిపించిన ఒక నక్షత్రపు పేలుడు, అంటే సూపర్‌నోవా కాంతి మనల్ని చేరడానికి సుమారు 1,68,000 ఏళ్లు పట్టింది. ఆ వెలుగు తగ్గిన తీరు, దానికి మూలమైన రేడియోధార్మిక కోబాల్ట్-56 సగానికి తరగడానికి పట్టే కాలంగా ప్రయోగశాలలో కొలిచిన అర్ధాయుష్షుకు, అంటే సుమారు 77 రోజులకు, సరిపోయింది.

సంశయాత్మ:
వెసూవియస్ విషయంలో జవాబు ముందే తెలుసు. తెలియని చోట ఏం జరుగుతుందో కెన్యాలోని కూబీ ఫోరాలో చూశాం. అక్కడి కేబీఎస్ బూడిద పొరకు మొదట 26 లక్షల ఏళ్లన్నారు, తరువాత 19 లక్షలన్నారు.

రాతిపొర:
ఆ ఉదాహరణ నా వాదానికే ఎక్కువ పనికొస్తుంది. ఆ బూడిదలో ఏటి నీటితో కొట్టుకొచ్చిన పాత రేణువులు కలిసి ఉండడంతో, తొలి నమూనాలకు 20 కోట్ల ఏళ్లకు పైబడిన అసంబద్ధమైన వయసు వచ్చింది. స్ఫటికాలను ఏరి మళ్లీ కొలిస్తే 26 లక్షలు వచ్చింది, చాలామంది దానిని అంగీకరించారు కూడా. అడ్డం తిరిగినవి పందుల శిలాజాలు! ఆ బూడిదకు దిగువన దొరికిన పందుల దంతాలు, ఇథియోపియాలోని ఓమో లోయలో సుమారు 20 లక్షల ఏళ్ల నాటి పొరల్లో దొరికిన పందుల దంతాలతో సరిపోలాయి. కింద ఉన్నదే 20 లక్షల ఏళ్లదైతే పైన ఉన్నది 26 లక్షల ఏళ్లది కాజాలదు. వేరే ప్రయోగశాలలు మళ్లీ కొలిచిన మీదట, 1980 ప్రాంతంలో లెక్క 19 లక్షల దగ్గర కుదురుకుంది. శిలాజాలూ రాళ్లూ ఒకదానికొకటి వంత పాడేవే అయితే ఈ తగవు పుట్టేదే కాదు.

నిదానం:
ఒక్క చోట మాత్రం సంశయాత్మ గారి పక్షాన నిలబడతాను. బూడిద పొరలు లేని ఇసుకరాతిలో శిలాజం దొరికితే పని కష్టమవుతుంది. అందులోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు పుట్టినప్పుడు యురేనియంను ఇముడ్చుకొని సీసాన్ని దాదాపు రానివ్వవు, తరువాత వాటిలో కనిపించే సీసం ఆ యురేనియం మారగా ఏర్పడినదే కనుక వాటి వయసు బాగానే తేలుతుంది. కానీ అవి అంతకు ముందే ఉన్న కొండలు అరిగి కొట్టుకొచ్చిన రేణువులు. వాటిలో అన్నిటికన్నా చిన్న వయసున్న రేణువు కంటే ఆ పొర పాతది కాదని మాత్రమే చెప్పగలం, ఎంత కొత్తదో చెప్పలేం. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ రేణువు వయసు సుమారు 440 కోట్ల ఏళ్లు, దానిని పట్టి ఉంచిన శిల వయసు సుమారు 300 కోట్ల ఏళ్లే. వార్తల్లో మాత్రం రెండింటినీ కలిపేసి ఆ రాయికే 440 కోట్ల ఏళ్లని రాసేస్తుంటారు.