అప్‌డేట్: చందా డబ్బు వాడుకుని మందిరానికి ముఖం చాటేసిన విషయం

మా చర్చి యువజనుల చందా 6,000 రూపాయలు సొంతానికి వాడేసుకుని, సిగ్గుతో నాలుగు నెలలు మందిరం మానేశానని ఇక్కడ రాశాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు. వేరే సంఘానికి మారమన్న సలహా పనికిరాలేదు. గాజువాకలోని సంఘానికి వెళ్లినా ఆ సిగ్గు నాతోనే బస్సెక్కేది. "జక్కయ్యలా ముందు డబ్బు కట్టు" అన్న మాటే పనిచేసింది. (జక్కయ్య అంటే బైబిల్లో అన్యాయంగా తీసుకున్నది తిరిగిస్తానన్న సుంకరి. ఆయన నాలుగంతలు ఇస్తానన్నాడు, నేను అసలు మాత్రమే కట్టగలిగాను.)

పాస్టరు గారి ముందు చేతులు వణికి కవరు కింద పడింది. ఆయన తిట్టలేదు. యోహాను సువార్త 18, 21 అధ్యాయాలు పక్కపక్కన చదివించారు. శిష్యుడైన పేతురు యేసును ఎరగనని బొంకింది బొగ్గుల మంట దగ్గర, ప్రభువు అతనికి మళ్లీ పని అప్పగించిందీ చేపలు కాలుతున్న బొగ్గుల మంట దగ్గరే. ఫిషింగ్ హార్బర్ పక్కన పెరిగినవాణ్ణి, ఆ కాల్చిన చేపల వాసన నాకు తెలుసు.

ఇప్పుడు లెక్కలు ఇద్దరం రాస్తున్నాం. పెట్టె తాళం మాత్రం నాకు వద్దని నేనే చెప్పాను.