చెల్లి పెళ్ళి వీడియో నేనే తీద్దామనుకుంటున్నా, ఏమంటారు?

గోదారిగట్టు: మాఘమాసంలో చెల్లి పెళ్ళి, రాజమండ్రి దగ్గర మా ఊళ్ళోనే. వీడియోవాళ్ళ రేట్లు వింటే గుండె ఆగినంత పనైంది, నాన్న ఇప్పటికే భోజనాలకీ బంగారానికీ అప్పు చేశారు. ఫ్రెండ్ మిర్రర్‌లెస్ కెమెరా ఇస్తానన్నాడు. పుట్టినరోజులు తప్ప నేనేం తీయలేదు. చేయగలనంటారా?

పెద్దక్క: వద్దు తమ్ముడూ. నువ్వు పెళ్ళికూతురి అన్నవి. మీ ఇంట్లో లాజహోమం ఉంటే చెల్లి దోసిట్లో పేలాలు పోయాల్సింది నువ్వే, అప్పుడు కెమెరా ఎవరు పట్టుకుంటారు? అప్పగింతల్లో అమ్మ పక్కన నిలబడతావా, ఫోకస్ చూసుకుంటావా? అన్న అక్కడ లేకపోవడం చెల్లికి జీవితాంతం గుర్తుంటుంది.

ఓరుగల్లు: అక్కా, మీరు చెప్పింది కరెక్టే గానీ అందుకోసం అప్పు మీద అప్పు చెయ్యమంటే ఎట్ల? స్టాండ్ మీద పెట్టి ఆన్ చేసి వదిలెయ్యి తమ్మీ. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అందుకే సెకండుకు 25 ఫ్రేములు, షట్టర్ స్పీడు 1/50 సెకండు పెట్టు, లేకుంటే ఎల్ఈడీ లైట్ల కింద చారలు కొట్టే ఛాన్స్ ఉంటది. ఇంకోటి, కొన్ని పాత కెమెరాలల్ల 29 నిమిషాల 59 సెకండ్లకు రికార్డింగ్ దానంతటదే ఆగిపోతది, ముందే ఇంట్ల నడిపించి చూసుకో.

పెద్దక్క: స్టాండ్ మీద వదిలేస్తే వచ్చేది వీపులే. జీలకర్ర బెల్లం టైముకి గట్టిమేళం మొదలవగానే అక్షింతలు పట్టుకుని అందరూ ఒక్కసారి లేస్తారు, ఫోటోలవాళ్ళు ముందుకొచ్చేస్తారు, అడ్డుతెర తీసిన క్షణం కాస్తా పోతుంది, దాన్ని మళ్ళీ చేయించలేం కదా.

ఓరుగల్లు: ఎదురుంగ పెడితే అట్లనే ఐతది. మండపం మీదనే ఓ మూలకు, మనుషుల తలకాయల కన్నా ఎత్తుల పెట్టాలె. పంతులుగారికి, డెకరేషనోళ్ళకు ముందురోజే చెప్పుకోవాలె. సౌండ్ ఇంకా ముఖ్యం, మేళం ముందు కెమెరా మైకుల సౌండ్ పగిలినట్టు వస్తది. మైక్‌సెట్టు అబ్బాయిని బతిమాలి ఆంప్లిఫయర్ నుంచి రికార్డర్‌కు లైన్ తీస్కో, మంత్రాలు సాఫ్‌గ వస్తయ్.

గోదారిగట్టు: మూల ఐడియా బాగుంది అన్నా. అక్క చెప్పిన పేలాల సంగతి మాత్రం నాకు తట్టనే లేదు, మాకు ఆ తంతు ఉంది. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా కెమెరా ముట్టుకోనులెండి. మరి ఆ టైముకి ఎవరు?

పెద్దక్క: ఆ కాసేపటికి ఒక్క మనిషిని మాట్లాడుకో. ఆల్బమ్ వద్దు, డ్రోన్ వద్దు, ఎడిటింగ్ వద్దు, తీసిన ఫైళ్ళు కార్డుతో సహా ఇచ్చేస్తే చాలని ముందే తేల్చుకుంటే రేటు బాగా దిగుతుంది. మంగళస్నానాలూ పెళ్ళికూతుర్ని చేయడమూ వంటలూ చుట్టాల హడావిడీ నువ్వు తియ్యి, అవి ఇంటి మనిషి తీస్తేనే బాగుంటాయి, బయటివాళ్ళకి మీ నాయనమ్మ ఎవరో కూడా తెలీదు.

ఓరుగల్లు: దీనికి నేనూ ఒప్పుకుంట. కానీ మూలకున్న స్టాండ్ కెమెరా మాత్రం తియ్యకు తమ్మీ, వచ్చినోని కార్డు ఖరాబైతే నీకు అదొక్కటే దిక్కు.