ఐస్ గడ్డల్ని టార్గెట్‌గా పెట్టి కాల్చొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొత్తగురి:
అందరికీ నమస్కారం. డబ్బాలు కాలిస్తే ఆ తర్వాత రేకు ముక్కలు ఏరడం పెద్ద పని. ఐస్ అయితే తగలగానే పగులుతుంది, మిగిలింది కరిగిపోతుంది. ఎయిర్ రైఫిల్‌కీ, పాయింట్ 22 రైఫిల్‌కీ (0.22 అంగుళాల చిన్న తూటా కాల్చేది) వాడదామనుకుంటున్నాను. కానీ ఐస్‌కి తగిలిన బుల్లెట్ వెనక్కి వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

రేంజ్‌మిత్ర:
కప్పులో గడ్డకట్టించిన ముక్క వేరు, గడ్డకట్టిన చెరువు వేరండి. చిన్న ముక్క పెళుసుగా ఉంటుంది. పాయింట్ 22 తూటా దాన్ని పగలగొట్టుకుని ముందుకు పోతుంది. కాబట్టి తూటాను ఆపాల్సింది ఐస్ కాదు, దాని వెనక ఉన్న మట్టికట్ట. తూటా చిన్నదే అయినా ఒకటిన్నర మైళ్ల దాకా పోగలదని పెట్టెల మీదే హెచ్చరిక ఉంటుంది. కట్ట లేకపోతే ఐస్ మాటే వద్దు.
చెరువు మీది మంచుపలక మాత్రం అసలు టార్గెట్టే కాదు. వాలుగా తగిలిన తూటా లోపలికి దిగకుండా జారి పైకి లేస్తుంది. ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. నీళ్ల మీదకి, చదునైన గట్టి తలం మీదకి కాల్చొద్దని మొదటిరోజే నేర్పేది అందుకే.

నాళం_చుట్లు:
మంచు మీద తూటా బొంగరంలా తిరిగే వీడియోలు చూసే ఉంటారు. అది మాయేం కాదు. పాయింట్ 22 నాళంలో గాడి మామూలుగా 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. సెకనుకు 330 మీటర్ల వేగంతో బయటికొచ్చే తూటా సెకనుకు 800 పైచిలుకు చుట్లు తిరుగుతూ ఉంటుంది. ముందుకు పోయే వేగం పోయినా ఆ తిరుగుడు మిగిలే ఉంటుంది. ఆ వీడియోల్లో తూటా కాల్చినవాళ్ల దగ్గరికే వచ్చి పడడం గమనించండి. దయచేసి ఎవరూ ప్రయత్నించకండి.

పెల్లెట్‌ప్రియ:
నేను ఎయిర్ రైఫిల్‌తో ఐస్ ముక్కలే కాలుస్తాను, చాలా బాగుంటుంది. సీసం పెల్లెట్లే వాడండి. సీసం మెత్తన, తగిలితే నలుగుతుంది. ఉక్కు బీబీలు (చిన్న గుండ్రటి గుళ్లు) నలగవు, గట్టిదానికి తగిలితే నేరుగా వెనక్కి ఎగురుతాయి. కళ్లద్దాలు తప్పనిసరి, పక్కన నిలబడి చూసేవాళ్లకు కూడా.

కొత్తగురి:
థాంక్స్ అండి. పెద్ద దిమ్మ పెడితే ఎక్కువసేపు వస్తుంది కదా?

పెల్లెట్‌ప్రియ:
ఎయిర్ రైఫిల్‌కి వద్దు. దిమ్మ పగలదు, పెల్లెట్ దాని ముఖం మీంచి పక్కకు చిమ్ముతుంది. ఒక్క దెబ్బకి పగిలే సైజే పెట్టండి. నీళ్లలో కాస్త రంగు కలిపితే దూరం నుంచీ కనిపిస్తుంది. గాజు సీసాలో మాత్రం గడ్డకట్టించొద్దు.

చలిలో_గురి:
ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. గట్టి చలికాలంలో మట్టికట్ట కూడా గడ్డకడుతుంది. ఎండాకాలంలో తూటాను మింగే మెత్తటి మట్టి అప్పుడు రాయిలా మారుతుంది, పైన మంచు పెచ్చు కడుతుంది. మా రేంజ్‌లో అలాంటప్పుడు కట్టను తవ్వి గుల్ల చేశాకే కాల్పులు మొదలుపెడతారు. ఐస్ ముక్కను రాయి మీదో సిమెంట్ దిమ్మ మీదో పెట్టకండి. గురి కాస్త కిందకి జారితే తగిలేది దానికే. పాత చెక్క మీద పెట్టండి.

కొత్తగురి:
మా రేంజ్‌లో కట్ట ముందు కంకర పరిచి ఉంది. అది ఫర్వాలేదా?

రేంజ్‌మిత్ర:
ఫర్వాలేదు అనలేనండి. కంకరకు తగిలితే తూటా ఎటైనా లేస్తుంది. రేంజ్ ఆఫీసర్‌ని అడిగి, కంకర లేని చోట, కట్టకు ఆనించి పెట్టుకోండి. ఆయన వద్దంటే కాగితం టార్గెట్‌తోనే కానివ్వండి.