ఉత్తది, వట్టిది, లేనిది: వెతికే పెట్టెలో రాయనిదాన్ని ఏమనాలి?

సభ్యులకు నమస్కారం. ఇది సగం కంప్యూటర్ గొడవ, సగం తెలుగు గొడవ. నాకు రెండో సగం కావాలి.

నల్లగొండలో బత్తాయి కమీషన్ వ్యాపారం చేసే దోస్తుకు చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. సరుకు వచ్చిన తేదీ, రైతు ఊరు, ధర వేసుకుంటాడు. వెతకడానికి మూడు పెట్టెలు. మొదటి రోజే ఫోన్: "ఊరు రాయకుండ వెతికితే ఒక్కటి గూడ చూపిస్తలేదు. దుకాణం నిండ కాయ ఉన్నది గద!"

తప్పు నాదే. పెట్టెలో ఏమీ రాయకపోయినా నా కోడ్ దాన్ని అట్లాగే షరతులో పెట్టి పంపుతోంది. దోస్తు రాయలేదంటే "ఏ ఊరైనా సరే" అని. మెషీన్‌కు మాత్రం అది "పేరులో ఒక్క అక్షరం కూడా లేని ఊరు". అలాంటి ఊరు మన జిల్లాలో లేదు కదా, సున్నా ఫలితాలు. పెట్టెలో ఏదైనా రాస్తేనే ఆ షరతు చేర్చు, లేకపోతే వదిలెయ్ అని మార్చాను. పది నిమిషాల పని.

టెన్షన్ తర్వాత మొదలైంది. కోడ్ పక్కన తెలుగులో వివరణ రాసుకునే అలవాటు నాకుంది. ఎంప్టీ స్ట్రింగ్‌కు (ఒక్క అక్షరం కూడా లేని రాత) ‘శూన్యం’ అని రాశాను, నల్‌కు (అసలు విలువే పెట్టని చోటు) కూడా ‘శూన్యం’ అనే రాశాను. రెండూ ఒకటి కావు. వేరే మాటలున్నాయా?

దేవరకొండ సభ్యుడు: ఉన్నాయన్నా, ఇంట్లో రోజూ వాడేవే. ‘ఉత్త సంచి’ అంటే సంచి ఉంది, లోపల ఏమీ లేదు. అది ఎంప్టీ స్ట్రింగ్. అసలు సంచే తేలేదనుకో, "సంచి లేదు" అంటాం. అది నల్.

వనపర్తి సభ్యురాలు: మా దిక్కు ‘వట్టి’ కూడా అంటాం. పాలు ఆగిపోయిన బర్రె వట్టిపోయిందంటాం. కొట్టంలో బర్రె ఉంది, మేత తింటోంది, పాలే లేవు. బర్రెనే అమ్మేస్తే ‘వట్టి’ అనం. కాబట్టి ‘వట్టి’ కూడా ఎంప్టీ దిక్కే.

ఇంకో సభ్యుడు: నల్ అంటే మాకు నల్లానే. నల్లా ఉండి నీళ్లు రాకపోతే ఎంప్టీ, నల్లానే పెట్టకపోతే నల్. మనది నల్‌గొండ అయితే మరి కొండ ఉన్నట్టా, లేనట్టా? 😄

(నవ్వినవాళ్లకు ఒక మాట. నా దోస్తు డేటాలో ‘నల్గొండ’, ‘నల్లగొండ’ రెండూ ఉన్నాయి. ఒకటి రాసి వెతికితే రెండోది రాదు. అది ఇంకో రోజు ఏడుద్దాం.)

రిటైరైన తెలుగు సార్ ఒకరు: ‘సున్న’ వచ్చింది ‘శూన్యం’ నుంచే. ‘ఖాళీ’ అరబ్బీ మాట, ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. ఊర్లో ఎవరూ దాన్ని పరాయి మాట అనుకోరు. కానీ దేవరకొండ తమ్ముడి ‘లేదు’ నాకు కుదరలేదు. రైతు ఊరు రాసుకోలేదంటే ఆయనకు ఊరు లేదనా? మనకు తెలియదని.

నేను: సార్, దెబ్బ సరిగ్గా తగిలింది. డేటాబేస్‌ను అడగడానికి వాడే భాష ఎస్‌క్యూఎల్ కూడా అట్లాగే ఆలోచిస్తుంది. నల్, నల్ సమానమా అని అడిగితే అవునూ అనదు, కాదూ అనదు, ‘తెలియదు’ అంటుంది. ఇద్దరు రైతుల ఊర్లూ తెలియనప్పుడు ఇద్దరిదీ ఒకే ఊరా అంటే ఏం చెప్తాం? అందుకే నల్‌ను పట్టుకోవడానికి సమానం గుర్తు పనికిరాదు, ‘ఈజ్ నల్’ అనే వేరుగా అడగాలి. అయితే ఒరాకిల్ అనే డేటాబేస్‌లో వట్టి స్ట్రింగ్‌ను కూడా నల్‌గానే లెక్కేస్తారు. అక్కడ ఉత్త సంచీ, లేని సంచీ ఒకటే.

మిర్యాలగూడ సభ్యుడు: స్పేస్ బార్ రెండుసార్లు నొక్కి వదిలేస్తే దాన్నేమంటారు? నన్నడిగితే అది తాలు. గింజలాగే ఉంటుంది, లోపల బియ్యం ఉండదు. మెషీన్ లెక్కలో రెండక్షరాలు, మన లెక్కలో ఏమీ లేదు. ముందు తూర్పారబట్టి, ఆ తర్వాత తూకం వేయాలి.

నేను: అన్నా, ట్రిమ్‌కు (రాత చివరల స్పేస్‌లు తీసేసే పని) ఇంతకన్నా మంచి మాట నేను వినలేదు. తూర్పారబట్టడమే. ఇవాళే కోడ్‌లో రాసుకుంటున్నా. ఒక్క తేడా, ట్రిమ్ చివరలనే చెరుగుతుంది, మధ్యలో స్పేస్ ఉంటే ముట్టదు.

వనపర్తి సభ్యురాలు: అన్నీ వదిలేస్తే అన్నీ చూపిస్తుంది, సరే. తీసెయ్యమని చెప్పేటప్పుడు కూడా ఖాళీ షరతును వదిలేస్తారా?

నేను: అక్కా, వెతకడంలో షరతు లేకపోతే ‘అన్నీ’ అని అర్థం, అది మనకు కావలసిందే. డిలీట్‌లో కూడా షరతు లేకపోతే ‘అన్నీ’ అనే అర్థం. అక్కడ దుకాణం లెక్కంతా ఒక్క నొక్కుకు పోతుంది. డిలీట్‌కు పెట్టె ఉత్తదైతే ఆగిపో అని రాశాను.

దేవరకొండ సభ్యుడు: అయితే దోస్తు పెట్టె మీద చివరికి ఏం రాస్తున్నావ్? ‘ఉత్తగ వదిలెయ్యండి’ అనా?

నేను: లేదన్నా. ఉత్తది, వట్టిది, తెలియదు, ఈ మూడూ డేటాలో ఉన్నదానికి పేర్లు. వెతికే మనిషి పెట్టెను వదిలేసినప్పుడు ఆయన మనసులో ఈ మూడిట్లో ఏదీ లేదు. అందుకే లేత రంగు అక్షరాల్లో ‘ఏ ఊరైనా’ అని పెట్టాను. దోస్తుకు చూపిస్తే, "మొదలే గిట్ల రాస్తే అయిపోవు గద" అన్నాడు.

తెలుగు సార్: ‘ఏ ఊరైనా’ బాగుంది. కానీ ఊర్లకు టిక్కులు పెట్టే జాబితా ఉంటే, ఒక్కదానికీ టిక్కు పెట్టనివాడు ఏ ఊరైనా అన్నట్టా, ఏ ఊరూ వద్దన్నట్టా?

నేను: సార్, దాని మీదే రాత్రి నుంచి కూర్చున్నా. ఉత్త జాబితా పంపితే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నేరుగా ఎర్రర్ ఇస్తోంది. దోస్తును అడిగితే, "టిక్కులెందుకు, తీసెయ్" అంటున్నాడు.