అప్‌డేట్: పాంటూన్‌కు ఏహెచ్36 ఖాయం

వరంగల్ షెడ్డులో కట్టి గోదావరిలో దించే పాంటూన్‌కు (నీళ్ల మీద తేలే స్టీలు వేదికకు) ఓడల స్టీలు గ్రేడుల్లో ఏహెచ్36 మంచిదా, డీహెచ్36 మంచిదా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఏహెచ్36 ఖాయమైంది.

రెండింటి యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) ఒకటే, కనీసం 355 మెగాపాస్కల్. తేడా అంతా ఇంపాక్ట్ పరీక్ష (చలిలో దెబ్బకు పెళుసుగా విరుగుతుందేమో చూసే పరీక్ష) ఉష్ణోగ్రతలోనే: ఏహెచ్‌కు 0 డిగ్రీలు, డీహెచ్‌కు మైనస్ 20, ఇంకా పై గ్రేడు ఈహెచ్‌కు మైనస్ 40. కాళేశ్వరం దగ్గర చలికాలంలోనూ నీళ్లు గడ్డకట్టవు. ఇంత పల్చటి ప్లేటుకు డీహెచ్ కొనడం దండగే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. స్టీలు బలమైందని అడుగు ప్లేటును 8 మిల్లీమీటర్ల నుంచి 6కు దించకండి. ఎలాస్టిక్ మాడ్యులస్, అంటే వంగకుండా నిలిచే బిగువు, మామూలు స్టీలుకూ దీనికీ ఒకటే, సుమారు 206 గిగాపాస్కల్. పల్చనైతే స్టిఫెనర్ల (ప్లేటుకు ఊతంగా వెల్డు చేసే పట్టీల) మధ్య ప్లేటు సొట్టబోతుంది. తుప్పు కూడా అంతే వేగంగా తింటుంది. వెల్డు అంచున ఫెటీగ్ పగుళ్లకూ (బరువు పదేపదే పడి లేవడంతో వచ్చేవి) 36 గ్రేడు చేసే మేలేమీ లేదు.

వెల్డింగ్ రాడ్లు 7018 (తక్కువ హైడ్రోజన్ రకం). తయారీదారు చెప్పినట్టు, మామూలుగా 300–350 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి, వేడి డబ్బాలోంచే ఒక్కొక్కటి తీయాలి. వానాకాలంలో రాడ్డు పీల్చిన తేమ హైడ్రోజన్‌గా మారి వెల్డు పక్కన చేరుతుంది, పగులు మర్నాడు బయటపడుతుంది. అందుకే వెల్డులో పగుళ్ల పరీక్ష 48 గంటలు ఆగి చేయిస్తున్నాం.

లారీ దించేటప్పుడే ప్లేటు మీది హీట్ నంబరును (ఏ కరిగింపులో తయారైందో చెప్పే నంబరు) స్టీలు మిల్లు ఇచ్చే మిల్ సర్టిఫికెట్‌తో సరిచూడండి. టీఎంసీపీ (వేడిని అదుపులో ఉంచి రోల్ చేసిన) ప్లేటైతే కార్బన్ ఈక్వివలెంట్ (వెల్డు దగ్గర పగిలే గుణాన్ని చెప్పే లెక్క) 0.38 దాటకూడదు.