వాలండర్ ఆఖరి నవల: చివరి పేరాలో అల్జీమర్స్ పెట్టడం న్యాయమేనా?

కోఠి పాఠకుడు:
ముగింపు మొత్తం చెప్పేస్తున్నాను. నవల చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

స్వీడన్ రచయిత హెన్నింగ్ మాన్కెల్ 1991లో కుర్ట్ వాలండర్ పోలీసు నవలలు మొదలుపెట్టారు. కథాకాలం ప్రకారం వాటిలో చివరిది ‘ది ట్రబుల్డ్ మ్యాన్’. స్వీడిష్‌లో 2009లో, ఇంగ్లీషులో 2011లో వచ్చింది. దక్షిణ స్వీడన్‌లో ఈస్టాడ్ అనే చిన్న ఊళ్లో వాలండర్ ఉద్యోగం. ఇందులో ఆయనకి అరవై ఏళ్లు. కూతురు లిండా కూడా పోలీసే. ఆమె సహచరుడి తండ్రి హోకన్ ఫాన్ ఎంకె, నౌకాదళంలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైనవాడు, ఒక ఉదయం స్టాక్‌హోంలో వాకింగ్‌కి వెళ్లి తిరిగి రాడు. తర్వాత ఆయన భార్య కూడా మాయమవుతుంది. మన లెక్కలో వియ్యంకుడే కాబట్టి, తన పరిధిలోది కాకపోయినా వాలండర్ వెతకడం మొదలుపెడతాడు.

అంతవరకూ నాకు ఏ ఇబ్బందీ లేదు. నా పేచీ ఆఖరి పేరాతోనే. కేసు తేలింది, మనవరాలు క్లారా ఉంది, ఇక ఆయన బతుకు కాస్త కుదుటపడుతుందేమో అనుకునేసరికి, కొన్నేళ్లకి అల్జీమర్స్ ముదిరి అన్నీ మరిచిపోయాడనీ, వాలండర్ కథ ఇంతటితో సరి అనీ కొద్ది వాక్యాల్లో తేల్చేశారు. ఇన్నేళ్లు వెంట నడిచిన పాఠకుడికి ఇచ్చే వీడ్కోలు ఇదేనా? బ్రిటిష్ రచయిత కాలిన్ డెక్స్‌టర్ కూడా 1999లో తన డిటెక్టివ్ మోర్స్‌ని చంపేశారు. కానీ ఆ జబ్బు మన కళ్లముందే పెరుగుతుంది. తన సహచర పోలీసు లూయిస్‌కి థ్యాంక్స్ చెప్పమని చెప్పి మరీ పోతాడు మోర్స్. పాఠకుడు ఏడవడానికి అక్కడ చోటుంది. ఇక్కడ లేదు.

గోదారి గట్టు:
నేను ఒప్పుకోను. అల్జీమర్స్ చివరి పేరాలో ఊడిపడలేదు. నవల మొదట్లోనే వాలండర్ తన సర్వీసు తుపాకీని రెస్టారెంట్‌లో వదిలేసి వస్తాడు. అక్కడి వెయిటర్ దాన్ని పోలీస్ స్టేషన్‌కి తెచ్చి ఇస్తాడు. అందరూ తాగిన మత్తులో మరిచిపోయాడనే అనుకుంటారు, మనమూ అలాగే అనుకుంటాం. కానీ అది ఎలా జరిగిందో ఎంత ఆలోచించినా ఆయనకి గుర్తు రాదు. తర్వాత కూడా మధ్యమధ్యలో కాసేపు ఏమీ తెలియకుండా పోవడం, తనేం చేస్తున్నాడో అర్థంకాక భయపడటం ఉన్నాయి. డిటెక్టివ్ నవలలో ఆధారాలు ఎలా దాచాలో ఈ జబ్బు విషయంలో సరిగ్గా అలాగే దాచారు. మనం మాత్రం ఫాన్ ఎంకె కేసులో ఆధారాలు వెతుకుతూ వాలండర్‌ని పట్టించుకోలేదు.

అంతకంటే వెనక్కి వెళ్లండి. ఆయన తండ్రి గుర్తున్నాడా? ఒకే ప్రకృతి దృశ్యాన్ని ఏళ్ల తరబడి గీసేవాడు, కొన్నిట్లో అడవికోడి ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఆయనకీ ఇదే జబ్బు. తండ్రిలా అయిపోతానేమోనన్న భయం వాలండర్‌ని ఏనాడూ వదల్లేదు.

మనం తెలుగు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌నీ గూఢచారి షాడోనీ చదువుతూ పెరిగాం. వాళ్లకి వయసు పైబడటం చూడలేదు. మాన్కెల్ మాత్రం తన పోలీసుకి విడాకులిచ్చారు, షుగర్ ఇచ్చారు, ఒంటరితనం ఇచ్చారు. ముసలితనం ఒక్కటీ ఎగ్గొడితే అది మోసం అయ్యేది.

మాల్మో తెలుగువాడు:
మీరిద్దరూ జబ్బు దగ్గరే ఆగిపోయారు. ఇక్కడ స్వీడన్‌లో ఈ నవల గురించి మాట్లాడితే జలాంతర్గాముల సంగతి రాక తప్పదు. అది తెలిస్తేనే ముగింపు అర్థమవుతుంది.

1981 అక్టోబర్‌లో యు-137 అనే సోవియట్ జలాంతర్గామి కార్ల్స్‌క్రోనా నౌకా స్థావరం దగ్గర్లో రాళ్లమీదికెక్కి ఇరుక్కుపోయింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో స్టాక్‌హోంకి దక్షిణాన హోర్ష్‌ఫ్యార్డెన్ దగ్గర మరో జలాంతర్గామి కోసం నేవీ రోజుల తరబడి గాలించింది, బాంబులు వేసింది. ఏదీ దొరకలేదు. అప్పుడు దేశమంతా రష్యాదే అనుకుంది. 2001లో ప్రభుత్వ విచారణ నివేదిక మాత్రం అది ఏ దేశానిదో తేల్చి చెప్పడం సాధ్యం కాదంది.

నవలలో తన 75వ పుట్టినరోజు పార్టీలో ఫాన్ ఎంకె వాలండర్‌ని పక్కకి తీసుకెళ్లి చెప్పేది ఆ రోజుల గురించే. ఆ తర్వాత కథంతా మనల్ని తూర్పు వైపే చూడమంటుంది. ఆయన భార్య రష్యా గూఢచారి అనిపిస్తుంది. చివరికి గూఢచారి ఆయనే, అదీ అమెరికాకి. ఏ పక్షం లేదని చెప్పుకున్న దేశం, తను ఎవరి పక్కన నిలబడిందో గుర్తు పెట్టుకోదలుచుకోలేదు. అలాంటి కథలో పోలీసు కూడా మరిచిపోవడం నాకు కాకతాళీయంగా అనిపించలేదు.

కోఠి పాఠకుడు:
జలాంతర్గాముల విషయం బాగా చెప్పారు, నాకు ఇంత వివరంగా తెలియదు. తుపాకీ సంగతీ కాదనను. కానీ సూచనలు ఇవ్వడం వేరు, చూపించడం వేరు. నవలంతా మనం వాలండర్ మనసులో ఉంటాం. ఆయన నిద్రపట్టని రాత్రులు, లిండాతో తగాదాలు, చచ్చిపోబోతూ చూడ్డానికొచ్చిన పాత ప్రియురాలు బైబా, తాగుడుకి బానిసైన మాజీ భార్య మోనా, అన్నీ ఆయన కళ్లతోనే చూస్తాం. చివరి పేరాలో హఠాత్తుగా భవిష్యత్తు తెలిసిన రచయిత గొంతు వినిపిస్తుంది. అంతసేపూ వెనకుండి, సరిగ్గా అక్కడే ముందుకు రావడం నాకు మింగుడుపడటం లేదు.

అత్తగారి సేవలో:
నేను ఎక్కువ రాయను. మా అత్తగారికి ఇదే జబ్బు, ఆవిడని చూసుకునేది నేను. ఈ నవల చదివి నాకు కోపం వచ్చింది. అయితే కోఠి గారికి వచ్చిన కారణంతో కాదు.

మిగిలిన ఏళ్లు వాలండర్‌వి, లిండావి, క్లారావి, ఇంకెవరికీ వాటితో పనిలేదన్న అర్థంలో ముగించారు. చదవడానికి ఎంతో గౌరవంగా ఉంది. కానీ ఆ ఏళ్లు లిండాకి ఎలా ఉంటాయి? ఆమెకి ఉద్యోగం ఉంది, చంటిపిల్ల ఉంది. రాత్రి రెండింటికి లేచి ఎక్కడికో వెళ్లాలనే మనిషిని ఆపాలి. స్నానం చేయించాలి. నువ్వెవరంటే ప్రతిసారీ కొత్తగా చెప్పాలి. ఆ పని మొదలయ్యే చోట రచయిత కథ ఆపేశారు. హంతకుడిని పట్టుకోవడానికి వందల పేజీలు ఇచ్చిన మనిషి దీనికి ఒక్క అధ్యాయం ఇవ్వలేకపోయారా?

గోదారి గట్టు:
అమ్మా, మీ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. లిండా వైపు నుంచి నేను ఆలోచించనేలేదు. అయినా ఒకటి అడుగుతాను. ఆ స్థితిలో ఉన్న మనిషిని, మీ అత్తగారినే అనుకోండి, పదిమందీ చదివేలా రాస్తే మీకు నచ్చేదా? వాలండర్ ఎంత అభిమానం గల మనిషో మనకి తెలుసు. తను అలా ఉండగా ఎవరూ చూడకూడదనే కోరుకుంటాడు. మాన్కెల్ ఆ కోరిక మన్నించారని నేను చదువుకున్నాను.

అత్తగారి సేవలో:
నచ్చేదే. ఆవిడని ఎగతాళి చేయకుండా రాస్తే తప్పకుండా నచ్చేది. నాలుగ్గోడల మధ్య దాచిపెట్టడం వల్లే మా చుట్టాల్లో సగం మందికి ఇది జబ్బని కూడా తెలియదు. ముసలివాళ్ల చాదస్తం అనుకుంటారు.

కొత్తగా చేరాను:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. 2013లో ‘యాన్ ఈవెంట్ ఇన్ ఆటమ్’ అని స్వీడిష్‌లో ఇంకో వాలండర్ పుస్తకం వచ్చింది కదా, మరి ఇది ఆఖరిదెలా అయింది?

మాల్మో తెలుగువాడు:
అది చిన్న నవల. ముందుగా నెదర్లాండ్స్ పాఠకుల కోసం రాసింది, కథ జరిగేది 2002లో. కాబట్టి వాలండర్ జీవితంలో చివరిది ‘ట్రబుల్డ్ మ్యాన్’ అనే అనుకోవాలి. మాన్కెల్ 2015 అక్టోబర్‌లో క్యాన్సర్‌తో పోయారు. మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే 1991 నాటి ‘ఫేస్‌లెస్ కిల్లర్స్’తోనే మొదలుపెట్టండి. తండ్రీకొడుకుల కథ అక్కడి నుంచి వస్తేనే, ఇక్కడ మేం దేని గురించి వాదించుకుంటున్నామో తెలుస్తుంది.